నంబర్ల హాల్లో ఇంటర్వెల్

ఆ హాల్లో పనిచేసినవాళ్ళంతా ఆమెను వదిన అనే పిలిచేవారు. వాళ్ళలో ఎవరి అన్ననూ ఆమె చేసుకోలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం, పక్క సీటులో కూర్చునే అమ్మాయి డబ్బా తెరిచి రెండు ముద్దలు తిని మూత పెట్టేస్తుంటే, "ఇదేం తిండే? పిచ్చుక కూడా ఇంతకన్నా నయం" అని కసిరి, తన డబ్బాలోంచి సగం తీసి ఆ అమ్మాయి మూతలో పెట్టింది. ఆ అమ్మాయి కళ్ళు పెద్దవి చేసి, "అమ్మో, అచ్చం మా వదినే!" అంది. సాయంత్రానికి ఆ పేరు హాలంతా పాకిపోయింది. కొన్నాళ్ళకి, ఆమెకన్నా వయసులో ఎంతో పెద్దవాడైన ఆఫీసరుగారు కూడా ఏదో ధ్యాసలో ఉండి "వదినగారూ, ఒకసారి ఇలా రండి" అని, అన్నాక నాలుక్కరుచుకున్నాడు.

ఆ పక్క సీటు అమ్మాయిని అందరూ పొట్టి అనేవారు. నిజంగానే పొట్టి. కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకి ఆనేవి కావు. ఆ మాట ఎవరన్నా అంటే, "నా కాళ్ళు సరిగ్గానే ఉన్నాయి, మీ నేలే కిందికి పోయింది" అనేది.

హాలు టెలిఫోను కార్యాలయంలో పై అంతస్తులో ఉండేది. గుమ్మం మీది బోర్డులో పొడుగాటి పేరేదో ఉండేది గానీ, అందరి నోటా అది నంబర్ల హాలే. ఊళ్ళో ఎవరికి ఎవరి ఫోను నంబరు తెలియకపోయినా అక్కడికి ఫోను చేసి అడగాల్సిందే. వరుసగా బల్లలు, బల్లల మధ్య తిరిగే స్టాండ్ల మీద లావుపాటి డైరెక్టరీలు. ఒక్కొక్కటీ ఎత్తితే నడుం పట్టేసేంత బరువు. వీధులకొక పుస్తకం, దుకాణాలకొకటి, ఆసుపత్రులకీ బడులకీ వేరే. కావలసింది తన దగ్గర లేకపోతే లేచి పక్క వరుసకి పోవాలి, లేదా అక్కణ్ణుంచే "ఒసేయ్, రేవు వీధి పుస్తకం ఎవరి దగ్గరుందే?" అని కేకెయ్యాలి. కొత్త పుస్తకాలు అచ్చయి వచ్చిన వారమంతా హాల్లో పచ్చి సిరా వాసన. ఇంటికెళ్ళాక కూడా వదిన వేళ్ళకి నలుపు వదిలేది కాదు.

ఫోను చేసేవాళ్ళు కూడా తక్కువవాళ్ళు కారు.

"మా బావమరిది నంబరు కావాలమ్మా."

"ఆయన పేరు చెప్పండి."

"పేరెందుకమ్మా, బట్టల కొట్టాయన. కాస్త బట్టతల."

"బట్టతలలకి వేరే పుస్తకం లేదండీ" అనేది వదిన. అవతల మనిషి నవ్వేవాడు. ఇవతల వరుసంతా నవ్వేది. ఆ నవ్వులోనే పేరూ దొరికేది, నంబరూ దొరికేది.

ఇంటికొస్తే వదినకి మరో లోకం. భర్త సినిమా హాల్లో ప్రొజెక్టరు ఆపరేటరు. ఆయన పని మొదలయ్యేసరికి ఈమె పని అయిపోవచ్చేది. ఒక్కగానొక్క కూతురు. పెళ్ళయిన కొత్తలో ఆయన ఆమెను తన గదిలోకి తీసుకెళ్ళి, గోడలోని చిన్న కంతలోంచి సినిమా చూపించేవాడు. బొమ్మ కన్నా ప్రొజెక్టరు వెలుగులో కనిపించే ఆయన మొహమే ఆమెకి ఎక్కువ గుర్తు.

కొన్నేళ్ళకి హాల్లోకి కంప్యూటర్లు వచ్చాయి.

వస్తున్నాయని తెలిసిన దగ్గర్నుంచీ హాలంతా ఒకటే సంబరం. ఆ రోజు అందరూ ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకొచ్చారు. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు. పేరులో నాలుగక్షరాలు కొడితే చాలు, నంబరు ఎదురుగా వచ్చి నిలబడేది. పొట్టి తన పేరు కొట్టి, అది తెర మీద మెరవడం చూసి చప్పట్లు కొట్టింది. ఆఫీసరుగారు గంభీరంగా, "ఇక మీరెవరూ సీట్లోంచి లేవక్కర్లేదు" అన్నాడు. అందరూ సంతోషించారు. ఆ మాట ఎక్కడికి దారితీస్తుందో అప్పుడు ఎవరికీ తట్టలేదు.

నిజంగానే ఎవరూ లేవలేదు. స్టాండ్లు తీసేశారు, పుస్తకాలు కింద గోదాములోకి పోయాయి. ఒక ఫోను పెట్టేలోపు ఇంకొకటి చెవిలో మోగేది. ఎవరు ఎన్ని ఫోన్లు తీశారో యంత్రమే లెక్కకట్టి ఆఫీసరుగారికి చెప్పేది. "మీ వరుస వెనకబడింది" అని ఆయన పైవాళ్ళ చేత మాటలు పడేవాడు, వచ్చి వీళ్ళని అనేవాడు. బట్టతల జోకులకి తీరిక పోయింది. కేకలు పోయాయి. వందలమంది మాటలు వినే హాల్లో ఒకరితో ఒకరికి మాటల్లేకుండా పోయాయి.

బల్లలేమో పాతవే. కుర్చీలు అవే చెక్క కుర్చీలు. తెరలు పెట్టినవాళ్ళు వైర్లు ఎక్కడికి అందితే అక్కడ పెట్టి పోయారు. వదిన వరుసకి వీపు వెనక పడమటి కిటికీలు. మధ్యాహ్నం దాటితే ఎండ సరాసరి తెర మీద పడేది. పచ్చటి అక్షరాల మధ్య తన మొహం, కిటికీ చువ్వలు, బయటి ఆకాశం అన్నీ కనిపించేవి. కావలసిన నంబరు తప్ప. మెడ ముందుకు సాచి, కళ్ళు చికిలించి, తల ఓ పక్కకి వాల్చి చదవాలి. సాయంత్రానికి కళ్ళలో ఇసక పోసినట్టుండేది. మెడ నుంచి భుజం దాకా ఎవరో తాడు బిగించినట్టుండేది.

పాత అట్టలు కత్తిరించి తెర చుట్టూ గొడుగులా అతికించుకుందామని పొట్టి సలహా ఇచ్చింది. వరుసంతా అలాగే చేశారు. కొంచెం సుఖపడ్డారు. ఇంతలో పైనుంచి పెద్దలెవరో హాలు చూడ్డానికి వస్తున్నారని ఆఫీసరుగారు అట్టలన్నీ పీకించేశాడు. "ఇది ఆఫీసా, పిట్టగూళ్ళా?" అన్నాడు.

వదిన నొప్పి సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పినవాళ్ళని గోదాములోకి పంపుతారని హాల్లో గుసగుస. ముందుగా పొట్టి చెయ్యి దొరికిపోయింది. ఎత్తు చాలక మోచేతులు గాల్లో పెట్టి కీబోర్డు కొట్టీ కొట్టీ కుడి మణికట్టు వాచింది. ఒకరోజు ఆమె చేతిలోంచి మంచినీళ్ళ గ్లాసు జారి పడింది. ఆఫీసరుగారు చూశాడు. మర్నాటి నుంచి పొట్టికి కింద గోదాములో పాత పుస్తకాలు సర్దే పని. వెళ్ళేటప్పుడు, "పోనీలే వదినా, అక్కడైనా నా కాళ్ళు నేలకి ఆనుతాయి" అని నవ్వింది. ఆ ఖాళీ కుర్చీ వైపు చూడలేక వదిన ఆ మధ్యాహ్నమంతా తెరలోకే తల పెట్టుకుని కూర్చుంది.

ఇంటి దగ్గర కూతురి గౌనుకి గుండీ కుట్టబోతే సూదిలో దారం ఎక్కలేదు. ఎన్నిసార్లు తడిపి పెట్టినా పక్కనుంచే పోయింది. భర్త చూసి సూది అందుకుని తనే ఎక్కించాడు.

"ఏమోయ్, కళ్ళకేమైంది?"

"ఏం కాలేదండీ. నిద్ర చాల్లేదు."

"నిద్ర చాలకపోతే కళ్ళు ఎర్రబడతాయి. నీకు నంబర్లే కనపడ్డం లేదేమోనని నా అనుమానం."

ఆయన సూది పక్కన పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"చూడు, నీదీ తెరే, నాదీ తెరే. మా హాల్లో సినిమా ఎంత మంచి పట్టులో ఉన్నా మధ్యలో ఆపి లైట్లేస్తాం. జనం కాఫీ తాగడానికనుకుంటారు. మా ప్రొజెక్టరు చల్లారాలి, అదీ అసలు సంగతి. ఇనప యంత్రానికే ఇంటర్వెల్ ఇస్తుంటే నీ కళ్ళకి ఇవ్వరా మీవాళ్ళు?"

"ఆ మాట మా ఆఫీసరుగారితో చెప్పండి. టిక్కెట్టు కొనుక్కుని మరీ వింటాడు" అంది ఆమె. ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వు అయ్యాక ఆమెకి ఏడుపొచ్చింది. ఆయన దీపం కాస్త తగ్గించి, తడిగుడ్డ తెచ్చి ఆమె కళ్ళ మీద వేశాడు.

ఆ తర్వాత కొద్ది రోజులకే అసలు సంగతి జరిగింది. మధ్యాహ్నం ఎండ తెర మీద పడి ఉన్న వేళ ఒక ముసలాయన ఫోను. గొంతు వణుకుతోంది. "మా ఆవిడ పడిపోయిందమ్మా. ఆసుపత్రి నంబరు తొందరగా." వదిన తెర చూసి చదివింది. ఆయన పెట్టేశాడు. కాసేపటికి అదే గొంతు, అదృష్టవశాత్తూ మళ్ళీ ఆమె చెవిలోకే వచ్చింది. "అది రొట్టెల దుకాణమమ్మా! ఇదేమన్నా వేళాకోళమా?" ఎనిమిదిని మూడు అని చదివింది. ఈసారి లేచి నిలబడి, తెరకి అరచెయ్యి అడ్డం పెట్టి, ఒక్కొక్క అంకే రెండుసార్లు చెప్పింది. ఆయన పెట్టేశాక తనే ఆసుపత్రికి ఫోను చేసి ముసలాయన ఫోను వచ్చిందా అని అడిగింది. వచ్చింది, బండి బయల్దేరింది అన్నారు. ముసలావిడ బతికింది. ఆ సంగతి మర్నాడు మళ్ళీ అడిగి తెలుసుకునేదాకా వదినకి అన్నం సయించలేదు.

ఆ వారం సెలవు పెట్టి కళ్ళాసుపత్రికి వెళ్ళింది. అక్కడి కుర్ర డాక్టరు దీపం వేసి చూశాడు, అక్షరాలు చదివించాడు. "మీ కళ్ళకి జబ్బేం లేదమ్మా. బాగా అలిసిపోయాయి. ఒక్క దూరాన్నే పట్టుకుని అదేపనిగా చూస్తే, రెప్ప వెయ్యడం కూడా మర్చిపోతారు. తెర చూసేటప్పుడు పెట్టుకోవడానికి కళ్ళజోడు కావాలి. అయినా ఇది మీ ఆఫీసు చేయించాల్సిన పరీక్ష కదా?" అన్నాడు. వదిన తెల్లబోయింది. కార్మిక శాఖలో ఇలాంటివి చూడ్డానికే ఒక డాక్టరమ్మ ఉందనీ, వెళ్ళి చెప్పమనీ ఆయనే అన్నాడు.

ఒంటరిగా వెళ్ళడానికి ధైర్యం చాల్లేదు. గోదాములోకి దిగి పొట్టితో చెప్పింది. పొట్టి చేతులు దులుపుకుని, "పద వదినా, నా చెయ్యి కూడా చూపిద్దాం. చూపించుకోవడానికి నా దగ్గర ఇంకేముంది?" అంది.

డాక్టరమ్మది నెరిసిన జుట్టు, తక్కువ మాటలు. ఇద్దరి మాటా పూర్తిగా విని, పొట్టి మణికట్టు అటూ ఇటూ తిప్పి చూసి, "మీ కిటికీలు ఏ వైపు?" అని మాత్రం అడిగింది.

చెప్పాపెట్టకుండా ఒక మధ్యాహ్నం హాలుకి వచ్చింది. సరిగ్గా ఎండ దిగే వేళ. ఆఫీసరుగారు ఆయన గదిలో కూర్చోమని కుర్చీ వేయించబోతే, "నేను అక్కడ కూర్చుంటానండీ" అని వెళ్ళి పొట్టి ఖాళీ కుర్చీలో కూర్చుంది. హెడ్‌సెట్ తగిలించుకుంది. ఊరికే చూడ్డానికి కాదు, కాసేపు నిజంగానే ఫోన్లు తీసింది. కాసేపయ్యేసరికి ఆవిడ కూడా మెడ ముందుకు సాచింది, కళ్ళు చికిలించింది. వరుసంతా దొంగచూపులు చూస్తూ పెదాలు బిగబట్టుకున్నారు.

ఆ తర్వాత లేచి, అందరినీ ఉద్దేశించి అడిగింది. "కళ్ళ మంటలు, మెడ నొప్పులు ఎవరికైనా ఉన్నాయా?"

ఎవరూ పలకలేదు. ఆఫీసరుగారు పక్కనే ఉన్నాడు. అందరి కళ్ళ ముందూ కింది గోదామే. వదిన కుర్చీ చేతులు పట్టుకుని లేచింది.

"నాకున్నాయండీ. ఎండ పడితే నాకు అంకెలు కనపడవు. ఆ మధ్య ఒకాయనకి ఆసుపత్రి బదులు రొట్టెల దుకాణం నంబరిచ్చాను."

ఎవరూ నవ్వలేదు. ఇంకెవరూ లేవలేదు కూడా. డాక్టరమ్మ తల ఊపి, "చేతులు కడుక్కోవాలి, ఎక్కడ?" అని అడిగి వరండా చివరికి వెళ్ళింది. వెళ్ళిన మనిషి ఎంతకీ రాలేదు. ఒకామె తలనొప్పంటూ లేచింది. ఇంకొకామె మంచినీళ్ళకని. కాసేపటికి సగం హాలు కుళాయి దగ్గర డాక్టరమ్మ చుట్టూ మూగింది. ఆఫీసరుగారి ముందు నోరు పెగలనివాళ్ళంతా అక్కడ ఒకరి మాట మీద ఒకరు పడి, మెడలు చూపించి, కళ్ళు చూపించి, కొంగుల్తో మొహాలు తుడుచుకుంటూ చెప్పుకున్నారు.

మర్నాడు ఆఫీసరుగారు వదినని పిలిచాడు. "ఇంటి గుట్టు వీధిన పెట్టావు కదమ్మా" అన్నాడు.

"ఇల్లే అయితే నన్ను ఇన్నాళ్ళూ ఎవరూ కళ్ళు నొప్పా అని అడగలేదేం సార్?"

ఆయన బల్ల మీది పేపర్‌వెయిట్ పక్కకి జరిపాడు. తర్వాత ఆయనే నెమ్మదిగా, "సాయంత్రమయ్యేసరికి నాకూ తలనొప్పే. వయసనుకున్నాను" అన్నాడు. తెరల ముందు పనిచేసేవాళ్ళ కోసం కొత్త నియమాలు ఎప్పుడో వచ్చాయట. ఆ సంగతి ఆయనకి కూడా ఎవరూ చెప్పలేదు.

మార్పులన్నీ ఒక్క రోజులో రాలేదు. ముందు బల్లలు తిప్పారు. కిటికీలు వీపు వెనక కాకుండా పక్కకి వచ్చాయి. ఎండ పడకుండా కిటికీలకి పలకల పరదాలు కట్టారు. కుర్చీలకి మాత్రం చాలా కాలం పట్టింది. వచ్చాక వాటిని ఎత్తూ దించూ చేస్తూ ఒక పూటంతా చిన్నపిల్లల్లా ఆడుకున్నారు. పొట్టిని పైకి తీసుకొచ్చారు, కాళ్ళ కింద ఏటవాలు పీట వేశారు. ఆఫీసు ఖర్చుతోనే అందరికీ కంటిపరీక్ష, అవసరమైనవాళ్ళకి తెర పని కోసమే కళ్ళజోడు. ఒకే వారంలో సగం హాలుకి కళ్ళజోళ్ళొచ్చేసరికి ఎవరు ఎవరో పోల్చుకోలేక నవ్వుకున్నారు.

అన్నిటికన్నా గొప్పది, గంటకి పది నిమిషాలు తెర ముందునుంచి లేవాలన్న నియమం. లేవచ్చు అని కాదు, లేవాలి. వదిన భర్త మాట హాల్లో చెప్పింది. అంతే, దానికి ఇంటర్వెల్ అన్న పేరు పడిపోయింది. ఆఫీసరుగారు కూడా, "రెండో వరుస, మీ ఇంటర్వెల్" అని గుమ్మంలోంచి అరిచేవాడు.

వరండా పొడుగునా సిమెంటు గట్టు. అవతల ఇళ్ళ కప్పులు, ఆరేసిన దుప్పట్లు, వాటికవతల నది మలుపు, దాని మీద రైలు వంతెన. దూరంగా చూడమని డాక్టరమ్మ చెప్పింది గనుక అందరూ గట్టు మీద మోచేతులు ఆన్చి ఆ వంతెన వైపే చూసేవారు. చూపు అక్కడ, మాట ఇక్కడ. ఎవరి అత్తగారు ఏమంది, ఎవరి మరిది ఎక్కడ ఉద్యోగంలో చేరాడు, పిల్లలకి దగ్గు తగ్గిందా. వేళ్ళు చాపి ముడిచి, భుజాలు తిప్పి, మెడ అటూ ఇటూ వంచుతూ కబుర్లు. కింద వీధిలో పోయేవాళ్ళు తలెత్తి చూసి, పైన ఆడవాళ్ళంతా ఎవరికో వద్దు వద్దంటూ తలలు ఊపుతున్నారనుకునేవారు. పుస్తకాల రోజుల్లో పోయిన జోకులు ఆ గట్టు మీదికి తిరిగొచ్చాయి. ఫోన్లో విన్నవన్నీ అక్కడ అభినయించి చూపేవారు. ఒకామెకి అక్కడే పెళ్ళి కుదిరింది. ఇంకొకామె భర్త పోయాక పనిలోకి వచ్చిన మొదటి రోజు, పది నిమిషాలూ ఎవరూ ఏమీ అనకుండా ఆమెకి చెరోవైపు ఆనుకుని నిలబడ్డారు. రైలు వెళ్ళింది. లోపలికెళ్ళి మళ్ళీ కూర్చున్నారు.

తన జీవితంలో మంచి రోజులేవని అడిగితే వదిన ఇప్పటికీ ఆ వరండా సంగతే ముందు చెబుతుంది. కూతురు అలిగి, "నేను పుట్టిన రోజు కాదా అమ్మా?" అంటుంది. "నువ్వు పుట్టినరోజు నొప్పులే గుర్తున్నాయే" అంటుంది వదిన.

ఫోన్లు క్రమంగా తగ్గాయి. జనం చేతుల్లోకే నంబర్లు వచ్చేశాయి. హాల్లో ఒక్కొక్క వరుసా ఖాళీ అయింది. చివరికి తాళం వేసి మిగిలినవాళ్ళని వేరే విభాగాలకి పంపారు. అప్పటికి వదిన భర్త సినిమా హాలు కూడా మూతపడింది. ఆయన ఇంట్లో కూర్చుని రేడియోలు బాగుచేశాడు. చివరిదాకా చూపు బాగానే ఉండేదాయనకి. గుండె మాత్రం ఆగిపోయింది.

వదిన రిటైరయి చాలా కాలమైంది. పొట్టి వాళ్ళిల్లు రెండు వీధుల అవతల. ఆ మణికట్టు పూర్తిగా ఎప్పటికీ బాగుపడలేదు. ఆలస్యమైపోయిందని డాక్టరమ్మ అప్పుడే చెప్పింది. చలికాలం వస్తే సీసా మూతలు తిరగవు. అందుకని బిగుసుకుపోయిన సీసాలన్నీ సంచీలో వేసుకుని పొట్టి వదిన ఇంటికి వస్తుంది. వదిన ఒక్కొక్కటీ మూత తీసి, వదులుగా పెట్టి ఇస్తుంది.

మొన్న అలా వచ్చినప్పుడు ఇద్దరికీ పోట్లాటయింది. హాలుకొచ్చిన కొత్త కుర్చీలు నీలం రంగని పొట్టి, కాదు బూడిద రంగని వదిన.

"నా కళ్ళతో చూశాను వదినా, నీలమే!"

"నీ కళ్ళు అప్పుడు కుర్చీ మీద ఎక్కడున్నాయే, పీట మీదున్నాయి."

ఎంతకీ తెగక, ఆఫీసరుగారికి ఫోను చేశారు. ఆయనకి ఇప్పుడు బాగా వయసు మళ్ళింది, గొంతు బొంగురుపోయింది. ఇద్దరూ ఫోను మీద వంగి, "సార్, మన కుర్చీలు ఏం రంగు సార్?" అని ఒకేసారి అరిచారు.

అవతల ఆయన పాత గాంభీర్యం తెచ్చుకుని, "ఆకుపచ్చ" అన్నాడు.

పొట్టి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వదిన ఎలాగో నవ్వాపుకుని, "అవును సార్, ఆకుపచ్చే. భోజనమైందా సార్?" అని అడిగింది.